ఐదో గేరు

ద్రాగోలోవ్ గారికి,

నాన్నగారి లాడా కారుకు పాత నాలుగు గేర్ల గేర్‌బాక్సు తిరిగి బిగిస్తేనే పాత కార్ల ఊరేగింపులోకి రానిస్తామని రాశారు. ఊరేగింపంటే నాకూ ఆశే. అయినా బిగించను.

ఇంజను విప్పి మళ్లీ కూర్చింది, ఐదు గేర్ల గేర్‌బాక్సు బిగించింది ఇంట్లో నేనే. ఏ బోల్టు వదులుగా ఉందోనని ఇప్పటికీ అనుమానమే. నిన్న బయల్దేరుతుంటే పక్కింటి వెల్కో, ప్రయాణం సాఫీగా సాగాలని చక్రాల ముందు నీళ్లు పోస్తూ, "పంతులమ్మా, ఎన్ని నట్లు మిగిలాయి?" అన్నాడు.

బుర్గాస్ రోడ్డెక్కి ఐదో గేరు వేశాను. ఇంజను రొద తగ్గింది. పక్క సీట్లో కూర్చున్న అమ్మ గొంతు వినబడింది.

"ఆ పొద్దుతిరుగుడు చేను దగ్గర కాస్త ఆపవే. మీ నాన్నను ఏటా అడిగాను, ఆ రొదలో ఆయనకు వినిపిస్తేగా!"

ఆపాను.

మా పేరు కొట్టేయండి. ఆదివారం మీరంతా ఊరేగే వేళకు, అమ్మ ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతూ ఉంటాను.