జ్వరం రోజుల అంకెలు

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. అక్కడ మీరిద్దరూ బాగున్నారని రాశావు. నమ్మాలనే ఉంది.

మీ బావ మోకాలి నొప్పి గురించి అడిగావు. మెట్లెక్కి సామాను తేవాలంటే ఉంటుంది, టీవీలో ఆట మొదలైతే ఉండదు. డాక్టరు కన్నా ముందు నేనే కనిపెట్టాను. నీ మేనకోడలికి ముందు పన్ను ఊడింది. అద్దం వదలడం లేదు.

"అక్కా, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని నువ్వు చేసే పనేమిటి?" అని కూడా అడిగావు. చెబుతాను విను. నది పొడవునా నీలాంటివాళ్లు రోజూ కొలిచి పంపే నీటిమట్టాలు, వంతెనల కింద యంత్రాలు పంపేవి, వాన లెక్కలు, ఆనకట్ట వాళ్ల లెక్కలు, అన్నీ బయటి నుంచి వచ్చి మా డేటా ప్లాట్‌ఫారంలో కలవాలి. కలిపేది నేను. ఒకరు అడుగుల్లో పంపుతారు, ఒకరు మీటర్లలో. ఒకరి గడియారం గంట వెనక. అందుకే కలిపే ముందు ప్రతి అంకెనూ అనుమానించాలి. నా పుట్టుబుద్ధికి జీతం కూడా ఇస్తున్నారని మీ బావ ఎగతాళి.

పోయిన వారం మీ రేవులోని కొలత కేంద్రాన్ని కలిపాను. మూడు నెలల అంకెలు తెర మీదికి వచ్చాయి. 205, 210, 210, 215 సెంటీమీటర్లు. దాదాపు అన్నీ సున్నాతోనో అయిదుతోనో ముగుస్తున్నాయి. నదికి అంత క్రమశిక్షణ ఎక్కడిది? మా మేనేజరు వెనక నుంచి చూసి, "ఎవడో ఇంట్లో కాళ్లు చాపుకుని రాసేస్తున్నాడమ్మా. తీసి పారెయ్" అన్నాడు. ఆ ఎవడో నా తమ్ముడని చెప్పలేక తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. నీ మీద ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్లీ తీశాను. జ్వరంతో మూడు రోజులు మంచం దిగలేదని రాశావు. దొరికావురా అనుకున్నాను. మర్నాడు ఆ మూడు రోజుల అంకెలే వెతికాను. 212, 217, 223. ఎగువ వంతెన యంత్రంతో పోలిస్తే పొల్లు పోకుండా సరిపోయాయి. నువ్వు మంచంలో ఉన్న రోజుల్లోనే లెక్క సరిగ్గా ఉంది! వెంటనే మీ కేంద్రం ఫొటో తెరిచి చూశాను.

మీ కొలత పలక మీద అయిదు సెంటీమీటర్లకొక లావు గీత, మధ్యలో సన్నవి. నువ్వు రేవుకి వెళ్లడం మానలేదు. సన్న గీతలు నీకు కనిపించడం లేదు. పోయిన రెండు ఉత్తరాలూ నా మరదలి దస్తూరిలో ఎందుకున్నాయో కూడా అప్పుడే అర్థమైంది.

ఒక సంగతి ఇంతసేపూ దాచాను. నీ కేంద్రాన్ని బుధవారమే లెక్కల్లోంచి తీసేశాను, నా చేత్తోనే. కోప్పడు, పడతాను. ఈ నెల మొదట్లో ఒక రోజు నువ్వు 215 పంపావు. యంత్రం లెక్కన అక్కడ 219 ఉండాలి. 218 దాటితే రేవు దాటించే పడవ ఆపాలని నాకన్నా నీకే బాగా తెలుసు. ఆ రోజు పడవ నడిచింది. బడి పిల్లలు అందులోనే దాటారు. ఎవరికీ ఏమీ కాకపోవడం మన అదృష్టం, అంతే. మేనేజరుకు నువ్వు నా తమ్ముడివని, నీ చూపు తగ్గిందని చెప్పేశాను. నీ ఉద్యోగం నిలుస్తుందో లేదో నాకు తెలియదు. కంటి డాక్టరు దగ్గర వచ్చే గురువారానికి నీ పేరు రాయించాను.

ఇక ఈ మాట నీకు కాదు. మరదలు పిల్లా, ఈ ఉత్తరం వాడికి చదివి వినిపిస్తున్నది నువ్వేనని నా అనుమానం. జ్వరం రోజుల్లో రేవులోకి దిగి గీతలు లెక్కపెట్టిందీ నువ్వే. ఎవరికీ చెప్పొద్దని నీ చేత ఒట్టు వేయించుకుని ఉంటాడు. నువ్వు ఒట్టు తప్పక్కర్లేదు, నేనే చెప్పేశాను. ఇప్పుడు నీకు పై పేరా వదిలేసి, మోకాలి నొప్పీ పన్ను ముచ్చటా మాత్రం చదివి వినిపించాలని ఉంటుంది. వదిలెయ్యకు తల్లీ. గట్టిగా చదువు.

ఇట్లు,
వాడికి అక్క, నీకు వదిన