మంగళవారం రాని సూద్ గారు

న్యూఢిల్లీ, 14-9-2006

అత్తయ్యగారికి నమస్కారం. మీ అబ్బాయికి జ్వరం తగ్గింది, కంగారు పడకండి.

వెన్నెముక దెబ్బతిన్నవాళ్ల సంఘం నుంచి ప్రతి మంగళవారం సూద్ గారు ఈ ఆసుపత్రికి చక్రాల కుర్చీలో వస్తారని రాశాను కదా. మంచం మీంచి కుర్చీలోకి సొంతంగా మారడం మీ అబ్బాయికి నేర్పింది ఆయనే. మొన్న రాలేదు. నడుం కింద పుండు పడితే, స్పర్శ లేక తెలుసుకోలేదట. ఒళ్లంతా విషమెక్కి చనిపోయారు. రోజూ అద్దంలో వీపు చూసుకోమని అందరికీ చెప్పిన మనిషి!

అప్పటినుంచి మీ అబ్బాయి అన్నం ముట్టలేదు. ఈ ఉదయం సంఘంలో పనిచేసే దీదీ వచ్చి, "కొత్త పేషెంటు ఎవరితోనూ మాట్లాడటం లేదు. మీరొకసారి వెళ్తారా భయ్యా?" అని హిందీలో అడిగింది.

"నేనేం చెప్పగలను? సూద్ గారికే ఇలా అయితే!" అన్నారు. కాసేపటికి ఉతికిన చొక్కా అడిగి తొడుక్కుని, కుర్చీ తోసుకుంటూ వెళ్లారు. గంటదాకా తిరిగి రాలేదు.

మళ్లీ నడుస్తావని ఫోనులో ఆయనతో అనకండి. స్నానాలగది గుమ్మం వెడల్పు కొలిపించి రాయండి. వీధి గడప తీయించాలి. శుక్రవారం శుక్రవారం మీరు పసుపు రాసే గడప అని తెలుసు. అయినా తీయించండి.

మామయ్యగారికి నమస్కారాలు.

మీ కోడలు
ప్రవల్లిక