గెలిచినవాడి పేరు

కాలెన్‌బర్గ్
1985 ఫిబ్రవరి 26

మా ఫెమ్మి అక్కకు,

ఫోనులో అరిచి అరిచి నా గొంతు పోతోంది గానీ నీకు ఒక్క ముక్కా వినపడటం లేదు. అందుకని పెన్ను పట్టుకున్నాను. రాయడమంటే నాకెంత చిరాకో నీకు తెలుసు. బళ్లో నా పలక మీద సగం నువ్వే రాసిపెట్టేదానివి. తప్పులుంటే సర్దుకుని చదువుకో. పంతులమ్మలాగా కింద గీతలు పెట్టి తిప్పి పంపకు.

సంగతేమిటంటే, మా రూలోఫ్‌కు కొడుకు పుట్టాడు. మొన్న గురువారం సాయంత్రం, మంచు మీద ఆ పదకొండు ఊళ్ల స్కేటింగ్ పందెం జరిగిన రోజునే. నిన్న పోస్టులో కార్డు వచ్చింది. కవరు మీద ఎవర్ట్ అని నా పేరుంది. విప్పితే లోపల కూడా ఎవర్ట్ అనే ఉంది. ముందు నాకర్థం కాలేదు. నా పేరు రెండుసార్లు ఎందుకు రాశారా అని కళ్లద్దాలు తెచ్చుకుని మళ్లీ చదివాను. పిల్లాడి పేరు అక్కా. ఎవర్ట్. నా పేరు పెట్టారు.

నీ దగ్గర దాపరికం దేనికి, నేను గుమ్మంలోనే అలా నిలబడిపోయాను. కాఫీ పొంగి పొయ్యి మీద పోయింది. మన ఇంట్లో రూలోఫ్ కొడుకు ఎవర్ట్, ఎవర్ట్ కొడుకు రూలోఫ్, ఎప్పటినుంచో అలాగే వస్తోంది. మామూలుగా అయితే ఇందులో ఇంత వింతేమీ లేదు. కానీ ఆ రోజు జరిగింది నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. రూలోఫ్ నాతో రెల్లు కోసే పని వదిలి మెప్పెల్ పాల ఫ్యాక్టరీలో చేరాడని మాత్రమే చెప్పాను. సీజను సగంలో, కోసిన రెల్లంతా మంచు మీద పడి ఉండగా వచ్చి చెప్పాడు వాడు, సోమవారం నుంచి రాను అని. నేను కొడవలి నూరుతూ తలెత్తకుండానే అన్నాను, "పోరా. ఆ తెల్ల టోపీ పెట్టుకుని మీగడ చిలుక్కో. రూలోఫ్ అన్న పేరుకు నువ్వు తగవు" అని. వాడు నెమ్మదిగా అన్నాడు, "సరే నాన్నా. నాకు కొడుకు పుడితే నీ పేరు పెట్టను. నీతోనే ఆఖరు" అని.

వాడు అరిచి ఉంటే నేను మర్చిపోయేవాణ్ణే. అరవలేదు. అప్పట్నుంచి మూడు చలికాలాలుగా మేము మాట్లాడుకున్నదంతా వాన గురించీ గాలి గురించీ. పెళ్లిలో కూడా అంతే. రాత్రుళ్లు పడుకుని అదే మాట తిప్పి తిప్పి వినేవాణ్ణి. నీతోనే ఆఖరు. ఇప్పుడు చూడు, మాట తప్పాడు. తప్పక ఏం చేస్తాడు.

పొద్దున్నుంచి కాలు ఒక చోట నిలవడం లేదు. పడవ దగ్గరికి పోవడం, ఎందుకొచ్చానో మర్చిపోయి తిరిగి రావడం. కట్టిన మోపులే విప్పి మళ్లీ కట్టాను. కార్డు జేబులో పెట్టుకుని లుబర్ట్ ఇంటికి కూడా వెళ్లొచ్చాను. కాలవ అవతల నుంచి నా మీద రోజూ ఏదో ఒకటి విసరందే వాడికి అన్నం సయించదు కదా. కార్డు చూసి, "అయితే నీ కొడుకు దిగొచ్చాడన్నమాట" అన్నాడు.

"దిగిరాడా మరి. ఎవర్ట్ అంటే ఏమనుకున్నావు" అన్నాను.

"ఆ పేరంటే నాకు తెలుసు. మొండిఘటం" అన్నాడు.

శనివారం మెప్పెల్ వెళ్తున్నాను, పిల్లాణ్ణి చూడటానికి. పొగబెట్టిన ఈల్ చేపలు పట్టుకెళ్తాను. కోడలు దక్షిణాన బ్రాబాంట్ పిల్ల, తింటుందో తినదో. తినకపోతే రూలోఫ్ తింటాడు. వాడికి చిన్నప్పట్నుంచీ ఇష్టం.

నీ తమ్ముడు
ఎవర్ట్

*

కాలెన్‌బర్గ్
మార్చి 4

అక్కా,

కిందటి ఉత్తరం పొయ్యిలో పారెయ్యి. అందులో రాసినదంతా ముసలాడి పిచ్చి.

శనివారం వెళ్లాను. మంచి కోటు వేసుకున్నాను, మా ఆవిణ్ణి సాగనంపిన రోజు వేసుకున్నదే, ఇంకొకటి లేదు. బస్సులో ఈల్ చేపల వాసనకి ఒకామె సీటు మారింది. నేను లెక్కచేయలేదు. ఇంటి నిండా కోడలి తరఫువాళ్లు. వాళ్ల సంగతి తెలిసిందే కదా, ముగ్గురుంటే ముప్పైమందిలా మాట్లాడతారు. కోడలు మారియెట్ మంచంలో దిళ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. "రండి మామయ్యా, ఇలా దగ్గరికి రండి, మీ మనవడు మీలాగే మూతి ముడుచుకుని పడుకున్నాడు చూడండి" అంది. నవ్వుతూనే అంది. చూశాను. ఎర్రగా, ముడతలుగా, గుప్పిళ్లు బిగించి ఉన్నాడు. చేతులు చల్లగా ఉన్నాయని చెప్పి ఎత్తుకోలేదు.

పిల్లలు పుట్టిన ఇంట్లో ఇచ్చేట్టే గట్టి రొట్టె మీద వెన్న రాసి, చక్కెర పూసిన సోంపు గింజలు చల్లి ఇచ్చారు. నేను కొరకబోతుంటే కోడలి అన్న, టోన్ అని ఒకడున్నాడు, బడి పంతులు, నా పక్కన చతికిలబడ్డాడు.

"పెద్దాయనా, మీరు రేడియోలో విన్నారా, టీవీలో చూశారా? ఇరవై రెండేళ్లకి మళ్లీ జరిగిన పందెం. గెలిచిన కుర్రాడు మీ ఊరి పక్కవాడేనటగా?"

"రెండూళ్ల అవతల. పాలరైతు" అన్నాను.

"అదీ సంగతి. ఇక్కడ మా చెల్లెలు నొప్పులు పడుతోంది, మంత్రసాని ఒక కన్ను దీని మీద, ఒక కన్ను టీవీ మీద. అతను గీత దాటాడు, ఎవర్ట్ ఎవర్ట్ అని అతని పేరే దేశమంతా ఒకటే గోల. అంతే, పేరు ఖాయం. ఈ వారం పుట్టిన మగపిల్లల్లో ఎంతమంది ఎవర్ట్‌లో లెక్క తియ్యాలి. మంచి పేరేలెండి, పాతకాలంలో ఆ పేరుతో ఒక చిత్రకారుడు కూడా ఉన్నాడు" అన్నాడు.

చిత్రకారుడి గొడవ నాకెందుకు. నేను రూలోఫ్ వైపు చూశాను. వాడు కాఫీ గిన్నె లోపలికి చూస్తున్నాడు.

"ఏరా, నిజమేనా?" అన్నాను.

"ఏది?"

"పేరు. ఆ పందెం వాడిదేనా?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. "ఆ... అతనిదే. వినడానికి బాగుందని పెట్టాం" అన్నాడు.

"బాగుంది" అన్నాను. రొట్టె పూర్తిగా తిన్నాను అక్కా, వదిలేస్తే ఏదో అనుకుంటారని. తర్వాత టోపీ తీసుకుని లేచాను. మారియెట్ వెనక నుంచి "మామయ్యా, ఉండండి" అని పిలుస్తూనే ఉంది.

లుబర్ట్‌కి ఆదివారం చర్చి దగ్గరే తెలిసిపోయింది, ఎలాగో. "ఏరా ఎవర్ట్, నీకు స్కేటింగ్ కూడా వచ్చని నాకు చెప్పనేలేదే" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నడుస్తూ వచ్చేశాను. మనవడి పేరు రైలు స్టేషన్లో వేరేవాడి పెట్టె పట్టుకొచ్చినట్టయింది. మీద నా పేరే ఉంది, లోపల ఉన్నది నాది కాదు.

నాకు కోపం పేరు పెట్టలేదని కాదు. పెట్టనన్నాడు, పెట్టలేదు, అది మాట మీద నిలబడటమే, నేనూ అలాంటివాణ్ణే. నా పేరు పెట్టి, అది నాది కాదనడమే తట్టుకోలేకపోతున్నాను. ఇంకేదో పేరు పెట్టి ఉంటే హాయిగా ఉండేది. రేపు నేను పోతాను, ఆ పిల్లాడు పెద్దవాడవుతాడు, నీ పేరెవరిదిరా అంటే పందెంలో గెలిచినవాడిది అంటాడు. నేనుండేవాణ్ణని కూడా ఎవరికీ గుర్తు రాదు.

అందుకని నిర్ణయించుకున్నాను. ఈ నీటి ప్రాంతాన్ని పక్షులకు వదలాలని తిరిగే ఆ సంఘం వాళ్లు నా రెల్లు మడులు అడిగి అడిగి అలిసిపోయి ఉన్నారు. ఈ సీజను కోత అవగానే ఇచ్చేస్తాను. కాంపెన్‌లో మీ వృద్ధాశ్రమంలో గది ఖాళీ ఉంటే అడిగి పెట్టు. మెప్పెల్ గడప ఇక తొక్కను. ఇది కోపంలో రాస్తున్నది కాదు, రెండు రోజులు ఆగి రాస్తున్నాను.

నీ తమ్ముడు

*

కాలెన్‌బర్గ్
మార్చి 18

అక్కా,

నీ ఉత్తరం అందింది. "మడులు అమ్మకు, వెళ్లి పిల్లాణ్ణి ఎత్తుకో, నోరు మాత్రం తెరవకు" అని మూడే మాటలు రాయడానికి స్టాంపు ఖర్చు పెట్టావు. ఇంకేమైనా రాశావేమో అని కాగితం తిరగేసి చూశాను. నువ్వు చెప్పావని నేను మెప్పెల్ వెళ్లలేదు, అది ముందే చెప్తున్నా. మెప్పెలే ఇక్కడికొచ్చింది.

పోయిన బుధవారం నేను మోపులు పడవలోంచి ఒడ్డుకు వేస్తుంటే కట్ట మీద పిల్లల బండి తోసుకుంటూ మారియెట్ వచ్చింది. బస్సు దిగి అంతదూరం ఆ గాలిలో ఒక్కతే వచ్చింది. పురుడు పోసుకుని నెల కాలేదు. "నీకు బుద్ధుందా అమ్మాయ్" అన్నాను.

"మీ ఇంట్లో ఎవరికుంది మామయ్యా, నాకుండటానికి" అంది.

లోపలికి రమ్మంటే రాలేదు. బండి గాలికి అడ్డంగా తిప్పుకుని అక్కడే మోపుల మీద కూర్చుంది. ఈల్ చేపలు మొత్తం తనే తిన్నానని చెప్పింది, రూలోఫ్‌కి తోక ముక్క పెట్టిందట. తర్వాత చెప్పింది. నేను పెన్నుతో అంత బాగా చెప్పలేను గానీ అది అన్నట్టే రాస్తాను.

"మేము మార్సెల్ అనుకున్నాం మామయ్యా. మా నాన్నగారి అన్నయ్య పేరు. ఖాయం చేసేశాం కూడా. ఆ రోజు టీవీలో అతను గెలిచాడు, ఎవర్ట్ ఎవర్ట్ అని అరుస్తున్నారు. ఈయన లేచి వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పాడు. నీళ్లు పోతూనే ఉన్నాయి, గిన్నె చప్పుడు లేదు, గ్లాసు చప్పుడు లేదు. నాకు నొప్పులు, ఈయనకి కొళాయి. మంత్రసాని, 'మీ ఆయన స్నానం చేస్తున్నాడా ఏంటి' అంది. కాసేపటికి బయటికొచ్చాడు. కళ్లు వాచి ఉన్నాయి. 'మార్సెల్ వద్దు, ఎవర్ట్ పెడదాం. ఇప్పుడు పెడితే అందరూ పందెం వాడి పేరే అనుకుంటారు' అన్నాడు."

నేను మోపు చేతిలో పట్టుకునే ఉన్నాను.

"అందరూ అనుకున్నారు. మా అన్న అనుకున్నాడు. మీరూ అనుకున్నారు. నేను అనుకోలేదు. ఈయన జన్మలో ఒక్కసారి స్కేట్లు కట్టుకున్నాడా మామయ్యా? టీవీ పెట్టింది కూడా మంత్రసానే" అంది.

"మరి ఆ రోజు అందరి ముందూ అలా ఎందుకన్నాడు?" అన్నాను.

"మీరు అందరి ముందూ ఎందుకడిగారు?" అంది.

మోపు కింద పెట్టేశాను. అది లేచి బట్టలు దులుపుకుంది. "నేను వచ్చానని చెప్పకండి. మీరు ఈయన దగ్గరకెళ్లి, 'నా పేరేగా' అన్నారో, చచ్చినా ఒప్పుకోడు. ఇంకో మూడు చలికాలాలు నేను వాన గురించీ గాలి గురించీ వింటూ కూర్చోలేను. మా ఊళ్లో అయితే ఈపాటికి ఒకళ్లనొకళ్లు తిట్టుకుని, ఏడ్చి, బీరు తాగేసేవాళ్లం" అంది. వెళ్లేముందు పిల్లాణ్ణి నా చేతుల్లో పెట్టింది. చేతులు చల్లగానే ఉన్నాయి. వాడు ఏడవలేదు.

మొన్న శనివారం రూలోఫ్ వచ్చాడు. బండి కొక్కెం ఒకటి నా కొట్టంలో ఉండాలి, దానికోసం వచ్చానన్నాడు. అలాంటి కొక్కెం నా దగ్గర ఎప్పుడూ లేదు. వెతుక్కో అన్నాను. కొట్టంలో కాసేపు సామాను అటూ ఇటూ జరిపి బయటికొచ్చి నిలబడ్డాడు.

"నాన్నా, ఆ పేరు సంగతి" అన్నాడు.

"ఏ పేరు?"

"పిల్లాడిది. అది... ఆ పందెం అతనిదే. నేను చెప్పాను కదా."

అక్కా, నా నాలిక చివర ఉంది. కొళాయి అన్న ఒక్క మాట అంటే చాలు, వాడు అక్కడే కూలిపోయేవాడు. జీవితమంతా నేను అలాంటి మాట దొరికితే వదిలిన వాణ్ణి కాదు. వాడి మొహం చూశాను. మా నాన్న మొహం అక్కా. ఏదన్నా అడగబోయే ముందు నాన్న గడ్డం అలాగే పైకెత్తేవాడు, ఎవరైనా కొడతారేమో అన్నట్టు.

"తెలుసు. పందెం వాడిది కాక ఇంకెవరిదిరా" అన్నాను.

"నీకేం బాధ లేదుగా?"

"బాధెందుకు. గెలిచినవాడి పేరు. మార్సెల్ కంటే నయం."

మార్సెల్ అని ఎలా తెలిసిందని అడుగుతాడేమో అనుకున్నాను. వాడు నన్నే చూస్తూ ఉండిపోయాడు. వాడికి అర్థమైంది అక్కా. నాకు తెలుసునని వాడికి తెలిసింది. కానీ అడగలేదు. కోటు విప్పి గుంజకు తగిలించి పడవలోకి దిగాడు. చీకటి పడేదాకా మోపులు అందించాడు. మధ్యలో నడుం పట్టుకుని మూలుగుతుంటే, "పాల ఫ్యాక్టరీ నడుం" అన్నాను. "మీగడ నడుం" అన్నాడు వాడే. ఫ్యాక్టరీ మాననన్నాడు, నేను మానమని అడగలేదు. శనివారాలు మాత్రం వస్తానన్నాడు, సీజను అయ్యేదాకా. ఆ కొక్కెం ఇంకా దొరకలేదట.

మడులు ఇవ్వడం లేదు. ఆశ్రమంలో గది వేరేవాళ్లకి ఇచ్చెయ్యమను.

నిన్న చర్చి దగ్గర లుబర్ట్ మళ్లీ మొదలుపెట్టాడు, "ఏరా, మనవడి పేరు ఎవరిదో తేలిందా?" అని. నలుగురూ చుట్టూ ఉన్నారు, మెప్పెల్ నుంచి వచ్చిన రూలోఫ్ కూడా పిల్లాణ్ణెత్తుకుని పక్కనే ఉన్నాడు. "ఆ పందెంలో గెలిచినవాడిదిరా. నీకెన్నిసార్లు చెప్పాలి" అన్నాను. అందరూ మళ్లీ నవ్వారు. రూలోఫ్ నవ్వలేదు, పిల్లాడి టోపీ సర్దుతూ తల పక్కకు తిప్పుకున్నాడు.

నిన్నెవరడిగినా నువ్వూ అదే చెప్పు. నీకు నోరాగదని నాకు తెలుసు, అందుకే నొక్కి రాస్తున్నాను. నిజం మన నలుగురికీ తెలిస్తే చాలు. ఇకనుంచి మా ఇంటికి వేసే ఉత్తరాల మీద పేరు సరిగ్గా చూసి రాయి, పోస్టువాడు తికమక పడకుండా.

నీ తమ్ముడు
పెద్ద ఎవర్ట్