దండం పెడితే చాలు

గురువారం

ఈ రోజు ఎమ్మెల్యే అభ్యర్థినయ్యాను. పప్పు మాడింది.

మా ఆయన కర్ణాకర్‌కు సిద్దిపేటలో టెంట్‌హౌస్ ఉంది. అందరి సభలకూ కుర్చీలు వేసి వేసి, ఇక తానే కూర్చోవాలనుకున్నాడు. ఏ పార్టీ టికెట్ ఇవ్వలేదు. స్వతంత్రుడిగా దిగాడు. తన కాగితాల్లో తప్పొస్తే పనికొస్తుందని, అందరూ చేసినట్టే, భార్య పేరుతోనూ ఒక నామినేషన్ వేయించాడు. నేను పొద్దున్నే వెళ్లి సంతకం పెట్టి ఇంటికొచ్చాను. ఆయన ఊరేగింపు సిద్ధమయ్యేసరికి రాహుకాలం మొదలైంది. అది పోయేదాకా ఆగి, మూడింటికి డప్పులతో బయల్దేరాడు. మూడింటికే ఆఫీసు గేటు వేసేశారు.

ఇంటికొచ్చి తన మెడలో దండ తీసి నా మెడలో వేశాడు.

"నువ్వు దండం పెడితే చాలు. మాట్లాడుడు నేను చూసుకుంట."

హమ్మయ్య! నలుగురిలో నోరు తెరవాలంటే నాకు చెమటలు. తీర్మానం: ఎన్నిక అయ్యేదాకా మౌనం. ఇంత సులువైన పని ఇంకోటి ఉందా!

శనివారం

మౌనం దివ్యంగా సాగుతోంది. భుజాలే నొప్పి.

మంగళవారం

ఎన్నికల గుర్తు ఇచ్చారు. కుక్కర్.

చిన్నకోడూరులో సభ. నేను డిగ్రీ చదివానట. చిన్నప్పటి నుంచీ ప్రజాసేవేనట. గెలిస్తే విమానాశ్రయం తెస్తానట. మా ఆయన చెబుతుంటే కొంగు కొరుక్కుంటూ విన్నాను. ఆయన మంచినీళ్లు తాగుతుండగా ముందు కూర్చున్న ముసలామె అడిగింది, ఏం చదివినవు బిడ్డా అని. ఏడో తరగతి అన్నాను. పెద్దవాళ్లు అడిగితే చెప్పాలి కదా. ఇది లెక్కలోకి రాదు.

మైకు ఆపలేదని తర్వాత తెలిసింది. మైకు మాదే.

బుధవారం

మా ఆయన అలిగాడు. "గుర్తు కుక్కరైతే నువ్వు సీటీ కొట్టుడేంది?" అన్నాడు.

మా అత్తమ్మ విమలమ్మ రొట్టె తిప్పుతూ అంది: "ఏడు సదివినామె నిజం చెప్పింది. డిగ్రీ సదివినోడు రాహుకాలం చూసిండు."

నేను ఏమీ అనలేదు. నవ్వడం మాట్లాడటం కాదు.

ఆదివారం

నంగునూరు వైపు, నేను పుట్టిన ఊళ్లో సభ. విమానం ఎక్కడ దిగుతుందని ఎవరో అడిగారు. మా ఆయన చెరువు వైపు చేయి చూపాడు. జనం ఒకటే నవ్వు. ఆయన ముఖం చూసి జాలేసింది. కాపాడటానికే మైకు తీసుకున్నాను.

"విమానం సంగతి నాకు తెల్వది. ఏడు అయినంక పెద్దబడికి పోదామంటే మనూరికి బస్సు లేకుండె. మా బాపు సదువు బంద్ చేయించిండు. ఇప్పటికీ బస్సు లేదు. నేను గెలిస్తే పొద్దున బడి టైముకు ఒక బస్సు, సాయంత్రం ఒకటి. గంతే."

ఎవరూ నవ్వలేదు. మా అన్న బిడ్డ అనూహ్య వెనక నిలబడి ఉంది. ఎనిమిదో తరగతి. ఆటో దొరకని రోజు దానికి బడి లేదు. ఇలాగైతే మాన్పిస్తానంటున్నాడు మా అన్న.

భర్త పరువు కోసం ఒక్కసారి. రేపటి నుంచి మళ్లీ మౌనం.

శుక్రవారం

ఏ రేపో రాసుకోలేదు. ఇవాళ మా ఆయనే మైకు నా చేతికిచ్చి కుర్చీలు సర్దాడు. మబ్బు పట్టింది, జల్ది కానియ్యి అన్నాడు. కానివ్వలేదు.

లెక్కింపు రోజు

ఓడిపోయాను. డిపాజిట్ కూడా పోయింది. నేను పుట్టిన ఊరి బూత్‌లో మాత్రం అందరికన్నా నాకే ఎక్కువ. అది చూసే కాబోలు, గెలిచినాయన అక్కడికెళ్లి బస్సు వేయిస్తానని మాటిచ్చాడట.

మా ఆయన టెంటు తాళ్లు చుడుతూ అన్నాడు: "నువ్వు ఒక ఊరు గెలిచినవు. నేను ఒక గేటు దాటలే."

చాయ్ పెట్టిచ్చాను. ఎన్నిక అయిపోయింది. ఇక నోటికి తాళమే. ఈసారి గట్టిగా.

సోమవారం

బస్సు వచ్చింది! బడి తొమ్మిదికి, బస్సు పదకొండుకు.

అనూహ్య ఫోన్ చేసింది. "అత్తా, గిదేం బస్సు? అన్నం బెల్లుకు దింపుతది."

రేపు డిపో మేనేజర్ దగ్గరికి వెళ్తున్నాం. మంగళవారం మంచి గడియ ఎప్పుడుందోనని మా ఆయన పంచాంగం తీశాడు. నేను ఒక్క మాటా అనలేదు. చూశానంతే. మళ్లీ గూట్లో పెట్టేశాడు.

తీర్మానం: ఎల్లుండి నుంచి మౌనం.