వ్యాను ఎవరి పేరు మీద

2 జూన్ 2025, సోమవారం

ఈ డైరీ బ్యాంకు వాళ్లు జనవరిలో ఇచ్చారు. అయిదు నెలలు బీరువా మీద పడి ఉంది. ఇవాళ దింపాను.

పంతొమ్మిదేళ్లు ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడిపాను. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ. రోజూ ట్రిప్ షీట్ రాసేవాణ్ణి. మే 31తో అది అయిపోయింది. బస్సులన్నీ కాంట్రాక్టరుకు ఇచ్చేశారు, ఆయన డ్రైవర్లు ఆయనకున్నారు. నాకు శాలువా కప్పారు, స్వీట్ బాక్స్ ఇచ్చారు. బాగానే పంపించారు. కానీ రోజూ ఏదో ఒకటి రాయకపోతే చేతికి తోచడం లేదు.

వయసు యాభై ఏడు. బీపీ నార్మల్. కళ్లు బాగున్నాయి. ఇవాళ తిరిగిన కిలోమీటర్లు సున్నా.

5 జూన్, గురువారం

అహోబిలం నుంచి దేవనాథ్ స్వామి ఫోన్ చేశారు. వాళ్లది గుళ్లో సేవ చేసే కుటుంబం. మేడ మీద నాలుగు గదులు యాత్రికులకు ఇస్తారు, భోజనం కూడా వాళ్లే పెడతారు. వాళ్లమ్మాయి పద్మప్రియ నాలుగేళ్లు నా బస్సులోనే కాలేజీకి వచ్చింది. అహోబిలం నుంచి ఆటో ఆలస్యమైన రోజున ఆ పిల్ల కోసం ఆళ్లగడ్డ బస్టాండులో రెండు నిమిషాలు ఎక్కువ ఆపేవాణ్ణి. ఆయన అది మర్చిపోలేదు.

బెంగళూరు నుంచి వచ్చే యాత్రికులు నంద్యాల స్టేషన్లో దిగుతారట. వాళ్లను తీసుకురావడానికి, కొండకు తిప్పడానికి నమ్మకమైన మనిషి కావాలట. "ఏడుగురు కూర్చునే వ్యాను ఒకటి పెట్టుకోప్పా ప్రభాకర్. వారానికి మూడు ట్రిప్పులు నేనిస్తా. ఆగస్టు నుంచి జనం ఎక్కువైతారు, అంతలోగా చూసుకో" అన్నారు.

ఫోన్ పెట్టేశాక వాకిట్లో అటూ ఇటూ నడిచాను. కూర్చోలేకపోయాను.

6 జూన్

మా ఆవిడ లూదియాకు చెప్పాను. ఆమె యూనిఫాంలకు కాజాలు కుడుతోంది. అంతా విని, "ఈడ మన సంఘం బ్యాంకులో నేను అడుగుతా సిరి నాయనా. నా పేరు మీద ఇస్తారు" అంది. పదమూడేళ్లుగా వీధిలో పొదుపు సంఘానికి లీడర్ ఆమే.

నేను వద్దన్నాను. నా జీతం అకౌంటు నంద్యాల పెద్ద బ్రాంచిలో ఉంది, అక్కడే అడుగుతానన్నాను. అసలు సంగతి వేరే, అది ఆమెకు చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటాను. కాలేజీకి ముందు లారీ నడిపాను. లారీ మీద ఓనరు పేరు, బస్సు మీద కాలేజీ పేరు. ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టుకున్నాను గానీ ఏ బండి కాగితం మీదా నా పేరు లేదు. ఒక్కసారి ఆర్సీలో నా పేరు చూసుకోవాలని ఉంది.

లూదియా మళ్లీ కాజాల పని చూసుకుంది.

9 జూన్, సోమవారం, సాయంత్రం

బ్యాంకుకు మొదటి ట్రిప్పు. టోకెన్ మెషిన్ పని చేయడం లేదు. గంటన్నర నిలబడ్డాక, లోన్లు చూసే ఫీల్డ్ ఆఫీసర్ సారు మీటింగులో ఉన్నారన్నారు. మధ్యాహ్నం మూడింటికి దొరికారు. తల ఎత్తకుండానే ఒక లిస్టు ఇచ్చారు. షోరూం కొటేషన్, ఆధార్, పాన్, స్టేట్‌మెంట్, ఇంటి పన్ను రసీదు, రెండు ఫోటోలు. ఎన్ని రోజులు పడుతుంది సార్ అని అడిగాను. "తెచ్చినాక చూద్దాం పో" అన్నారు.

పర్వాలేదు. లిస్టు అయితే వచ్చింది.

12 జూన్

అన్నీ ఇచ్చాను. పది రోజుల్లో ఫోన్ చేస్తామన్నారు.

24 జూన్

ఫోన్ రాలేదు. వెళ్లాను. సర్వర్ డౌన్. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిని వచ్చేశాను. ఉగ్గాని బాగుంది.

ఒక సంగతి రాయాలి. పంతొమ్మిదేళ్లు ఈ రోడ్డు మీద నేను చూసింది ముందున్న బండి, పక్కనున్న బండి, గేదెలు, స్పీడ్ బ్రేకర్లు. ఇప్పుడు ప్యాసింజరుగా కిటికీ పక్కన కూర్చుంటున్నాను. సిరివెళ్ల దాటాక తూర్పున నల్లమల ఎంత దగ్గరగా కనిపిస్తుందో నాకు తెలియనే తెలియదు. వాన పడి వెలిసింది. కొండల మీద మబ్బు నేల దాకా దిగింది. కండక్టర్ వచ్చి టికెట్ అడిగితే రెండోసారికి గానీ వినబడలేదు.

1 జూలై

సారు సెలవు.

4 జూలై

సారు ఉన్నారు. ఫైలు లేదు. "ఈడనే యాడో పెట్టినా అప్పా. సోమారం రా" అన్నారు.

7 జూలై, సోమవారం

ఫైలు దొరకలేదు. మళ్లీ అన్నీ ఇవ్వమన్నారు. కొటేషన్‌కు నెల మారింది కాబట్టి కొత్తది తేవాలట. ఫోటోలు కూడా మళ్లీ.

ఫోటో స్టూడియో వాడు ఏంది అన్నా, పాస్‌పోర్ట్ తీసుకుంటాండావా, దుబాయికి పోతాండావా అని అడిగాడు. నంద్యాలకే అన్నాను.

12 జూలై, శనివారం

వెళ్లాను. సెకండ్ సాటర్డే. ఈ తప్పు మాత్రం నాదే.

22 జూలై, మంగళవారం

ఇవాళ లోన్ కౌంటర్లో సరస్వతి అనే అమ్మాయి ఉంది. మా అమ్మాయి సిరి కంటే రెండు మూడేళ్లు చిన్నదేమో. పక్కన మూడు కుర్చీలు ఖాళీ. డిపాజిట్లు, పెన్షన్లు, లోన్లు, ఏటీఎం కార్డు ఇరుక్కుపోయిన ముసలాయన, అన్నీ ఆ పిల్లే. నా వంతు వచ్చేసరికి నాలుగైంది. టిఫిన్ డబ్బా అప్పుడు తెరవబోయింది, నన్ను చూసి మూత పెట్టేసింది.

తినమ్మా, నేను కూర్చుంటానన్నాను. తినలేదు గానీ నిజం చెప్పింది. "అన్నా, నీ రెండో ఫైలు సార్ టేబుల్ మీదనే ఉండాది. ఇంగా తెరవనే లేదు. ఆయనకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. కొత్తాయన వచ్చేవరకు ఎవురూ ముట్టుకోరు."

కోపం రావాలి. ఆ పిల్ల ముఖం చూస్తే రాలేదు. బస్టాండులో వేరుశెనక్కాయలు కొనుక్కుని తింటూ వచ్చాను.

30 జూలై

లూదియా నా తెల్ల చొక్కా ఉతికి ఇస్త్రీ చేసింది. నంద్యాల చొక్కా అని దానికి పేరు పెట్టింది.

1 ఆగస్టు, శుక్రవారం

దేవనాథ్ స్వామి ఫోన్. స్వాతి నక్షత్రం నాడు అహోబిలంలో జనం విపరీతంగా ఉంటారు. బెంగళూరు నుంచి ఇరవై మంది వస్తున్నారు. నా బండి సంగతి అడిగారు. ఇంకా రాలేదన్నాను. అప్పుడు చెప్పారు. బనగానపల్లె వాళ్ల వ్యాను మాట్లాడారట. "ఏమనుకోవాకప్పా. వచ్చేటోళ్లను స్టేషన్లో నిలబెట్టలేను గదా. ఇంకో నెల చూస్తా. ఆ పైన వాళ్లకే ఖాయం చేయాల్సొస్తాది."

ఆయన మాటలో తప్పేం లేదు. ఇవాళ అన్నం సయించలేదు.

14 ఆగస్టు, గురువారం

కొత్త ఫీల్డ్ ఆఫీసర్ వచ్చారు. చిన్నవాడు, మంచి షూస్. నా ఫైలు తెరిచారు. మొదటి పేజీ చూసి, మూసేశారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఈ లోను కట్టడానికి అయిదేళ్లు, మా రూలు ప్రకారం అరవై దాటకూడదు, మీకు యాభై ఏడు, కాబట్టి కుదరదు అన్నారు. చాలా మర్యాదగా చెప్పారు.

నా వయసు ఆధార్ మీద ఉంది. పాన్ మీద ఉంది. జూన్ తొమ్మిదిన కూడా ఉంది.

అప్పుడు గొంతు పెంచాను. పంతొమ్మిదేళ్లు రోజుకు యాభై మంది పిల్లలను తీసుకుపోయి తీసుకొచ్చినవాణ్ణి, ఎవరి మీదా అరవలేదు. ఇవాళ అరిచాను. రెండు నెలలు తిప్పి ఈ మాట చెప్తారా, ఆ మొదటి రోజే చెప్పడానికి ఏమైంది అన్నాను. బ్యాంకంతా నా వైపు చూసింది. సెక్యూరిటీ అతను దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అతని కొడుకు నా బస్సులో వచ్చేవాడు. నేను గుర్తుపట్టాను, అతనూ గుర్తుపట్టాడు. ఇద్దరం తల దించుకున్నాం.

మెట్లు దిగుతుంటే సరస్వతి వెనకే వచ్చింది. నా కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి ఇచ్చింది, పోయిందన్న మొదటి ఫైలులోవి కూడా కలిపి నాలుగు ఫోటోలతో సహా. "ఇంగ ఈడికి రావాకన్నా. బస్సు చార్జీలు దండగ. వేరే యాడన్నా చూసుకో" అంది. అంత పెద్ద బ్రాంచిలో నాకు పనికొచ్చే మాట చెప్పింది ఆ అమ్మాయి ఒక్కతే.

ఇంటికి వచ్చి లూదియాకు అంతా చెప్పాను. నేను ఆ రోజే చెప్పినా కదా అనే మాట ఆమె నోట రాలేదు. నేను ఎదురు చూశాను కూడా. ముందు అన్నం తినమంది.

15 ఆగస్టు, శుక్రవారం

వీధి చివర జెండా ఎగరేశారు. పిల్లలకు చాక్లెట్లు పంచారు, నాకూ ఒకటి ఇచ్చారు. తింటూ ఆలోచించాను. ఆర్సీలో నా పేరు ఉన్నా, దాన్ని నేను తప్ప ఎవరు చదువుతారు.

లోపలికి వెళ్లి లూదియాతో, నీ పేరు మీదనే అడుగు అన్నాను. ఒక షరతు పెట్టింది. "నువ్వూ రావాల. వచ్చి మూలకు కూర్చోకుండా నా పక్కన కూర్చోవాల."

18 ఆగస్టు, సోమవారం

ఇది వివరంగా రాయాలి.

ఆళ్లగడ్డలో లూదియా వాళ్ల బ్యాంకు మా ఇంటికి నడిచి పది నిమిషాలు. ఇన్నేళ్లలో నేను లోపలికి వెళ్లలేదు. గేటు దగ్గరే అటెండర్, "ఏం లూదియమ్మా, ఇయ్యాల మీటింగ్ లేదే" అని పలకరించాడు. నన్ను చూసి ఎవరని అడిగాడు. మా ఇంటాయన అంది. ఓహో, లూదియమ్మ వాళ్లాయనా అని నాకు నమస్కారం పెట్టాడు. జీవితంలో మొదటిసారి నన్ను ఆ పేరుతో పిలిచారు. బానే ఉంది.

మేనేజర్ ఒక ఆవిడ, నలభై ఉంటాయి. కూర్చోమంది. ఫ్యాన్ మా వైపు తిప్పింది. లూదియా సంచిలోంచి కాగితాలు తీసింది. తన కుట్టుపని లెక్కల పుస్తకం, స్కూళ్ల యూనిఫాం ఆర్డర్లు, సంఘం పాస్‌బుక్, అన్నీ వరసగా. పదమూడేళ్లలో ఒక్క వాయిదా తప్పలేదట ఆమె సంఘం. నాకది తెలియదు. రాత్రిళ్లు ఆ పుస్తకం ముందేసుకుని కూర్చుంటే టీవీ సౌండ్ తగ్గించమంటుందేమో అని విసుక్కునేవాణ్ణి.

బండి ఎవరు నడుపుతారని మేనేజర్ అడిగింది. మా ఆయన అంది లూదియా. అనుభవం ఉందా అని ఆవిడ మామూలుగానే అడిగింది.

లూదియా నా వైపు చూడలేదు. "పంతొమ్మిదేండ్లు కాలేజీ బస్సు తోలినాడు మేడం. ఒక్క యాక్సిడెంటు లేదు. ఒక్కనాడు లేటు లేదు. పిల్లోళ్లు ఎక్కినాక తలుపు పడిందా లేదా అని దిగి చూసుకునేటోడు" అంది.

తలుపు సంగతి ఆమెకెలా తెలుసు. నేను ఎప్పుడూ చెప్పలేదు. మా వీధి స్టాపులో బస్సు ఆగినప్పుడు ఎన్నిసార్లు వాకిట్లోంచి చూసి ఉంటే అది కనబడుతుంది.

ష్యూరిటీ సంతకం నేను పెట్టాలట. పెట్టాను. ఆమె సంతకం పైన, నాది కింద. నా వయసు ఎవరూ అడగలేదు. పెన్ను ఇంకుతో వేలికి మరక అయింది. ఇంకా పోలేదు. కడగలేదు కూడా.

27 ఆగస్టు

శాంక్షన్ అయింది. తొమ్మిది రోజులు.

4 సెప్టెంబర్, గురువారం, పొద్దున 11

వ్యాను వచ్చింది. తెల్లది. రంగు లూదియా ఎంచింది. పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేశారు. ఓనరమ్మ ముందు సీట్లో కూర్చుని సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో అడిగింది. నేను చెప్పాను. నేను ఆమెకు చెప్పగలిగినవి ఇంకా కొన్ని ఉన్నాయి.

5 సెప్టెంబర్

అహోబిలం వెళ్లి దేవనాథ్ స్వామికి వ్యాను చూపించాను. చుట్టూ తిరిగి చూశారు. టైర్లు తట్టారు. బనగానపల్లె వాళ్లకు ఇంకా ఖాయం చేయలేదన్నారు. ఎందుకు చేయలేదో చెప్పలేదు. ఆయన భార్య పుండరీకవల్లి అమ్మగారు పెరుగన్నం పెట్టారు, ఊరమిరపకాయతో. రెండోసారి అడక్కుండానే వడ్డించారు.

11 సెప్టెంబర్, గురువారం

మొదటి ట్రిప్పు. పొద్దున నంద్యాల స్టేషన్లో అయిదుగురు దిగారు. అందరూ అరవై దాటినవాళ్లే. ఒక పెద్దావిడకు మోకాళ్ల నొప్పి. చిన్న స్టూలు ఒకటి వేసుకుని వెళ్లాను, దాని మీద కాలు పెట్టి ఎక్కింది. కన్నడంలో ఏదో అంది. సగం అర్థమైంది. నిదానంగా పో అన్నట్టుంది. నిదానంగానే పోయాను.

బ్యాంకు ముందు నుంచే వచ్చాం. లోపల క్యూ ఉంది. సరస్వతి పక్క కుర్చీలో ఎవరో కొత్త మనిషి కూర్చుని ఉన్నట్టు కనబడింది. నిజమైతే బాగుండు.

సిరివెళ్ల దాటాక పెద్దావిడతో, అటు తూర్పు వైపు చూడండమ్మా అన్నాను. అందరూ చూశారు. నేను రోడ్డు చూశాను.

19 సెప్టెంబర్

నంద్యాల బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది, ఇంగ్లీషులో. కంగ్రాచ్యులేషన్స్ అట. నాకు వెహికల్ లోన్ ప్రీ-అప్రూవ్డ్ అట. లూదియాకు చదివి వినిపించాను. నవ్వీ నవ్వీ కుట్టు వంకర పోయింది, విప్పి మళ్లీ కుట్టుకుంది.

4 అక్టోబర్, శనివారం

ఎగువ అహోబిలం నుంచి దిగుతున్నాం. ఆరు కావస్తోంది. మలుపులో ఎలుగుబంటి. వీపు మీద పిల్ల. రోడ్డు మధ్యలో నిలబడింది. ఇంజన్ ఆపేశాను. వెనక ఆరుగురు యాత్రికులు, ఒక్కరూ కదల్లేదు. అది మా వైపు చూసింది, తర్వాత తన దారిన పొదల్లోకి పోయింది. నేను వెంటనే స్టార్ట్ చేయలేదు.

ఇంటికొచ్చి చెప్పాను. లూదియా మెషిన్ మీద గుడ్డ కప్పి, రేపు చర్చి అయ్యాక తనను అక్కడికి తీసుకుపొమ్మంది. అది రేపూ వస్తుందని చెప్పలేనన్నాను. రాకపోయినా పోదామంది.