తీగలు అతికాక

అమ్మా, నేను బాగానే ఉన్నాను. నిన్న నీ ఫోన్ పెట్టేసింది కోపంతో కాదు, ఏమీ వినపడక. మా లైను పనిలో రెండు కరెంటు తీగల కొనలు గొట్టంలో దూర్చి, చుట్టూ పేలుడు మందు పెట్టి పేల్చి అతికిస్తాం. మొన్న అందరూ దూరం జరిగారా అన్న అనుమానంతో చెవిమూతలు తీసి విన్నాను. తిరిగి పెట్టుకునేలోగా పేలింది. తర్వాత లోకమంతా నీళ్ల అడుగున ఉన్నట్టయింది. పిట్టలు చప్పుడు లేకుండా లేచాయి, ధూళి తీరుబడిగా దిగింది, తీగలు ఒక్కటై మెరిశాయి. మేస్త్రి అట్టముక్క మీద రాసి చూపించాడు: "మేడమ్, అతుకు గట్టిదే, మీ చెవులకే రిపేరు!" తగ్గుతుందని డాక్టరు రాసిచ్చాడు, నాకే నమ్మకం కుదరడం లేదు.

నాన్నకు నమస్కారాలు, కళ్లద్దాలు మార్పించారా? రోజూ సాయంత్రం ఫోన్ చెయ్యి, ఎత్తుతాను. నేను పలకకపోయినా మాట్లాడుతూనే ఉండు. వినపడ్డ రోజున మధ్యలో అడ్డొస్తాను.

నీ పెద్దమ్మాయి