తిట్టందే తినడు

చెల్లీ,

నీ బొగ్గుగాడి విమానం ఇప్పుడే లేచింది. నువ్వు ఎయిర్‌పోర్టుకి బయల్దేరేలోపు ఈ మెయిలు చదువు. తొమ్మిది వేల కిలోమీటర్లట, ఎక్కడా ఆగకుండా పదకొండు గంటలట. కార్గో కౌంటర్లో ఆయన్ని మళ్ళీ మళ్ళీ అడిగితే, "మీరెన్నిసార్లడిగినా దూరం తగ్గదమ్మా" అన్నాడు. పటం మీద చూస్తే జానెడే.

ఒక సంగతి నీకు చెప్పలేదు. మన కుక్క తిట్టందే తినదు. నువ్వు వాణ్ణి నాకు అంటగట్టి వెళ్ళిన కొత్తలో, పొద్దున్నే ఆఫీసుకి వేళవుతుంటే గిన్నె ముందుకు తోసి "తిని చావరా" అనేదాన్ని. ఇప్పుడు ఆ మాట చెవిన పడందే మూతి పెట్టడు, నీళ్ళు కూడా ముట్టడు. బోనులో గిన్నె నింపే పంపాను. ఆకాశంలో వాణ్ణి తిట్టే దిక్కెవరు?

అందుకే బోను తెరవగానే ముద్దు చేయకు. ముందు తిట్టు, విసుగ్గా తిట్టు. నీకు చేతకాకపోతే ఫోన్ వాడి చెవి దగ్గర పెట్టు, నేను తిడతాను.

ఇంటికొచ్చి కాలు నిలవక వాడి పాత గిన్నె కడిగాను. కింద పెడుతూ, నోటికి అలవాటై, ఆ మాటే అన్నాను. ఏ గదిలోంచీ గోళ్ళ చప్పుడు రాలేదు.

వాడు తిన్నాడని నువ్వు చెప్పేదాకా నాకు ముద్ద దిగదు. కోపమొస్తే తిట్టు, తింటానేమో.

అక్క